పెరటి మొక్కలపై గంధకం: మేలు ఎప్పుడు, మాడు ఎందుకు

సంక్షిప్తంగా

ఆకులపై తెల్లని పొడిలా కనిపించే బూడిద తెగులుకూ, కొన్ని రకాల నల్లికీ (మైట్స్) గంధకం చవకైన, నమ్మదగిన మందు. అయితే తెగులును చంపే గుణమే వేడి పెరిగినప్పుడు ఆకును మాడుస్తుంది. ఉత్తర తెలంగాణలో నవంబరు నుంచి ఫిబ్రవరి నడిమి దాకా దీనికి అనువైన కాలం. నీడలో ఉష్ణోగ్రత 32 డిగ్రీల సెల్సియస్ దాటే రోజుల్లో దీన్ని కొట్టకూడదు. వేపనూనెకూ గంధకానికీ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. పెరటి మొక్కలకు లీటరు నీటికి 2 నుంచి 3 గ్రాములు చాలు. కలిపేటప్పుడూ, కొట్టేటప్పుడూ కళ్లను, ముక్కును కాపాడుకోవాలి.

ఒకే ప్యాకెట్టు, రెండు ఫలితాలు

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల వంటి పట్టణాల్లో మిద్దె తోటలు పెరిగిన కొద్దీ పొలాల్లో వాడే మందులు ఇళ్లలోకీ వచ్చాయి. వాటిలో గంధకం ఒకటి. సంక్రాంతికి ముందూ వెనకా బెండ ఆకులపై, బీర పందిరిపై, గులాబీ లేత చిగుళ్లపై తెల్లని పొడి కనిపిస్తే ఎరువుల దుకాణంలో ముందుగా వినిపించే పేరు ‘సల్ఫర్’. ఆ ప్యాకెట్టు తెచ్చి కొట్టిన కొన్ని ఇళ్లలో వారం పది రోజులకు తెల్లదనం తగ్గి కొత్త చిగుళ్లు శుభ్రంగా వస్తాయి. మరికొన్ని ఇళ్లలో అదే మందు, అదే మోతాదులో కొట్టినా రెండు మూడు రోజులకే ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి, ఎండి, పెళుసుబారిపోతాయి.

ఇలా జరిగినప్పుడు నింద సాధారణంగా కల్తీ మందు మీదికి పోతుంది. కల్తీ అసలు లేదని చెప్పలేం గానీ, చాలా సందర్భాల్లో కారణం వేరే చోట ఉంటుంది: మందు కొట్టిన రోజు ఎండ ఎంత, ఆ మొక్కపై అంతకుముందు ఏం కొట్టారు, ఆ మొక్క ఏ జాతిది అన్న మూడు విషయాల్లో. పొలంలో రైతుకు ఈ సంగతులు అనుభవంతో అబ్బుతాయి, తోటి రైతులు కూడా హెచ్చరిస్తారు. మిద్దె మీద పది ఇరవై కుండీలు పెంచుకునే వారికి ఆ అవకాశం తక్కువ కాబట్టి, గంధకం ఆకుపై ఏం చేస్తుందో ముందుగా తెలుసుకోవడం అవసరం.

గంధకం పనిచేసే తీరు

గంధకం మొక్క లోపలికి ఇంకి కొమ్మకొమ్మకూ పాకే మందు కాదు. ఎక్కడ పడిందో అక్కడే ఉంటుంది. ఆకుపై సన్నని కణాలుగా అంటుకుని, వాతావరణపు వేడికి కొద్దికొద్దిగా ఆవిరవుతూ ఉంటుంది. ఆ ఆవిరీ, నేరుగా తగిలిన కణాలూ రెండూ తెగులుకు కారణమైన శిలీంధ్రపు శరీరంలోకి చేరతాయి. కణాల పొరల్లో ఉండే కొవ్వు పదార్థాల్లో గంధకం సులువుగా కలిసిపోవడం ఇందుకు దారి ఇస్తుంది. లోపలికి చేరిన తర్వాత, శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లు ఒక దశ నుంచి మరో దశకు అందే గొలుసు మధ్యలో దూరి, వాటిని తానే లాగేసుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. దాంతో శిలీంధ్రానికి శక్తి అందక, దాని బీజం మొలకెత్తే దశలోనే చచ్చిపోతుంది.

ఈ దెబ్బ కణంలో ఒక్క చోట కాక పలుచోట్ల పడుతుంది. అందువల్లే నూటయాభై ఏళ్లకు పైగా వాడుతున్నా బూడిద తెగులు శిలీంధ్రాలు దీన్ని తట్టుకునే శక్తిని చెప్పుకోదగినంతగా పెంచుకోలేదు. 1845లో ఇంగ్లాండ్‌లోని మార్గేట్‌లో టక్కర్ అనే తోటమాలి ద్రాక్షపై ఈ తెగులును గమనించాడు. ఆ తర్వాతి దశాబ్దంలో అది ఫ్రాన్సు ద్రాక్షతోటలను కుదేలు చేసినప్పుడు వాటిని నిలబెట్టింది గంధకపు పొడే. కణంలోని ఒకే ఒక్క ప్రక్రియను అడ్డుకునే నేటి అంతర్వాహిక మందులు (మొక్క లోపలికి ఇంకి పాకేవి) కొన్ని, మార్కెట్లోకి వచ్చిన కొన్నేళ్లకే కొన్ని చోట్ల పట్టు కోల్పోయాయి. ఆ లెక్కన ఈ పాత మందుకు విలువ తగ్గకపోగా పెరిగింది.

ఈ పనితీరు నుంచి రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, మందు తగలని ఆకు భాగానికి రక్షణ ఉండదు. కొట్టిన తర్వాత పుట్టిన చిగురుకు అసలే ఉండదు. రెండోది, గంధకం ముందుజాగ్రత్త మందు. తెల్లని మచ్చలు అక్కడక్కడా మొదలైనప్పుడు కొడితే ఆగుతుంది. ఆకులు పూర్తిగా తెల్లబడి, పసుపు తిరిగిన తర్వాత ఎంత కొట్టినా ఆ ఆకులు తిరిగి పచ్చబడవు. అలాంటి సమయంలో మోతాదు పెంచడమే చాలా ఇళ్లలో జరిగే మొదటి పొరపాటు.

చలికాలంలోనే ఎందుకు

చాలా శిలీంధ్ర తెగుళ్లకు ఆకుపై గంటల తరబడి తడి నిలవాలి. బూడిద తెగులు ఇందుకు భిన్నం. దాని బీజాలు నీటి పొర లేకుండానే, గాలిలోని తేమతోనే మొలకెత్తగలవు. జోరు వాన పడితే అవి కొట్టుకుపోతాయి కూడా. రాత్రి చల్లగా, గాలిలో తేమగా, పగలు పొడిగా, 20 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండే వాతావరణం దానికి బాగా నచ్చుతుంది. వరంగల్ చుట్టుపక్కల వానలు తగ్గిన నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండేది దాదాపు ఇలాంటి వాతావరణమే. మామిడి పూత కాలం కూడా ఇదే కావడం వల్ల జగిత్యాల వైపు తోటల్లో పూత కంకులపై బూడిద తెగులు కోసం చూసుకుంటూ ఉండాల్సి వస్తుంది.

ఈ శిలీంధ్రపు పోగులు చాలా మటుకు ఆకు పైనే పరుచుకుని ఉంటాయి. ఆహారం పీల్చడానికి మాత్రం పై పొర కణాల్లోకి చిన్న పీచుల్లాంటి భాగాలను దించుతాయి. శరీరమంతా బయటే ఉంటుంది కాబట్టి గంధకానికి అది సులువుగా దొరుకుతుంది.

వరంగల్ ప్రాంతానికి ముఖ్యమైన మిరపలో మాత్రం పరిస్థితి కొంత వేరు. మిరపకు వచ్చే బూడిద తెగులు శిలీంధ్రం ఆకు లోపలే పెరిగి, బీజాలను మోసే కాడలను మాత్రం ఆకు అడుగున ఉన్న పత్రరంధ్రాల గుండా బయటికి పంపుతుంది. అందుకే మిరప ఆకు పైభాగాన స్పష్టమైన అంచు లేని పసుపు మచ్చ ఒకటి కనిపిస్తుంది. ఆకును తిప్పి చూస్తే సరిగ్గా ఆ మచ్చ కిందే పలుచని తెల్లపొడి ఉంటుంది. ఆ పొడి కనిపించేసరికే శిలీంధ్రం లోపల పాతుకుని ఉంటుంది కాబట్టి మిరపలో గంధకం కొట్టడం ఆలస్యమైతే ఫలితం తక్కువ. కొట్టినప్పుడు కూడా మందు ఆకు అడుగుకు తగలాలి.

తెల్లగా కనిపించేదంతా బూడిద కాదు

గంధకం వృథా కావడానికి అతిపెద్ద కారణం రోగాన్ని పోల్చుకోలేకపోవడం. మందారం కొమ్మలపై, జామ ఆకుల అడుగున దూదిలా కనిపించే పిండినల్లి ఒక రసం పీల్చే పురుగు. పేరులో నల్లి ఉన్నా అది నల్లి జాతి కాదు, దానిపై గంధకం పనిచేయదు. వేలితో రుద్దినప్పుడు జిగురుగా, లోపల లేత గులాబీ రంగు శరీరం చితికినట్టు తగిలితే అది పిండినల్లి. పొడిగా చేతికి అంటుకుంటే బూడిద తెగులు. దోస, బీర జాతుల్లో వచ్చే బూజు తెగులు మరొకటి. ఆకు పైన ఈనెల మధ్య కోణాకారపు పసుపు మచ్చలు, అడుగున బూడిద లేదా ఊదా రంగు బూజు దాని గుర్తులు. అది ఆకు లోపల పెరిగే వేరే తరగతి జీవి కాబట్టి గంధకానికి లొంగదు.

మిరప ముడత విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగుల పని. దాన్ని పై ముడత అంటారు. ఆకులు కిందికి ముడుచుకుని తిరగబడిన పడవలా తయారై, కాడలు సాగితే అది తెల్లనల్లి వల్ల వచ్చే కింది ముడత. ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఈ మూడింటిలో గంధకం పనిచేసేది రెండోదానికే. 2021-22 పంటకాలంలో తెలుగు రాష్ట్రాల మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసిన నల్ల తామర పురుగు మీద కూడా గంధకాన్ని నమ్ముకోవడం సరికాదు. చపాటా మిరప మొక్కను ఇష్టంగా కుండీలో పెంచుకునే వారు మందు కొనేముందు ఆకు ఏ వైపు ముడుచుకుందో ఒక్కసారి చూస్తే సగం తప్పులు తప్పుతాయి.

32 డిగ్రీల గీత

గంధకం ఆవిరయ్యే వేగం ఉష్ణోగ్రతతో పాటు చాలా త్వరగా పెరుగుతుంది. ఆకుకు శిలీంధ్రం కంటే తట్టుకునే శక్తి ఎక్కువ గానీ, దానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటిన గంధకం ఆకు కణాలనూ దెబ్బతీస్తుంది. తోటల శాస్త్రంలో ఈ హద్దును సుమారు 32 డిగ్రీల సెల్సియస్‌గా చెబుతారు. ఇది గీత గీసినట్టు అన్ని మొక్కలకూ ఒకేలా వర్తించదు. నీరందక వాడిన మొక్క ఇంతకంటే ముందే మాడవచ్చు. గాలి ఆడని మూలలో ఉన్న మొక్కదీ అదే పరిస్థితి.

ఉత్తర తెలంగాణ వాతావరణానికి ఈ అంకెను అన్వయించి చూస్తే చిత్రం స్పష్టమవుతుంది. జనవరిలో హన్మకొండ పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మార్చి నడిమికి 35 దాటుతుంది, ఏప్రిల్‌లో 40కి చేరుతుంది. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు కూడా ఉంటాయి. అంటే బూడిద తెగులు ముదిరే కాలమూ, గంధకం ప్రమాదం లేకుండా పనిచేసే కాలమూ ఇక్కడ చాలావరకు ఒకటే కావడం అదృష్టం. చిక్కంతా శివరాత్రి తర్వాతే వస్తుంది. చలికాలంలో పనిచేసిన మందే కదా అని మార్చి చివర్లో అదే మోతాదు మధ్యాహ్నానికి ముందు కొట్టినప్పుడు ఆకులు మాడతాయి.

వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచినది. సిమెంటు స్లాబు మీద, ఎండ తగిలే పిట్టగోడ పక్కన పెట్టిన కుండీలోని ఆకు అంతకంటే చాలా వేడెక్కుతుంది. స్లాబు సాయంత్రం దాకా వేడిని వదులుతూనే ఉంటుంది. కాబట్టి పెరటి నేలలో ఉన్న గులాబీకి సరిపోయిన రోజు, మిద్దె మీది గులాబీకి సరిపోకపోవచ్చు. మిద్దె తోటలకు నీడలో 30 డిగ్రీలనే హద్దుగా పెట్టుకోవడం మేలు.

మందు కొట్టిన రోజు చల్లగా ఉంటే చాలనుకోవడం మరో పొరపాటు. ఆకుపై పడిన గంధకం వాన పడకపోతే వారం పైగా అక్కడే ఉంటుంది. తర్వాతి నాలుగైదు రోజుల వాతావరణ సూచన చూసి, ఎండ పెరుగుతుందని ఉంటే వాయిదా వేయాలి. ఇక చలి మరీ ఎక్కువైతే మొక్కకు హాని లేదు గానీ మందు నెమ్మదిగా పనిచేస్తుంది. ఆదిలాబాద్ వైపు రాత్రులు 10 డిగ్రీల కంటే కిందికి దిగే రోజుల్లో ఫలితం కాస్త ఆలస్యంగా కనిపిస్తే మళ్లీ మళ్లీ కొట్టాల్సిన పని లేదు.

వేపనూనెతో పొసగదు

మిద్దె తోటల్లో ఎక్కువగా వాడే మందు వేపనూనె. నష్టం ఎక్కువగా జరిగేదీ దీని తర్వాత గంధకం వాడినప్పుడే. నూనె ఆకు మీది మైనపు పొరను మెత్తబరుస్తుంది. గంధకం నూనె పదార్థాల్లో కలుస్తుంది. ఈ రెండూ ఒకే ఆకుపై కలిసినప్పుడు, మామూలుగా పైపైనే ఉండాల్సిన గంధకం ఆకు లోపలికి చేరి కణాలను కాల్చేస్తుంది. చల్లని రోజైనా ఈ ప్రమాదం తప్పదు. వేపనూనె గానీ, తోటలకు వాడే ఖనిజ తైలాలు గానీ కొట్టిన రెండు వారాల దాకా గంధకం వాడకూడదు. గంధకం తర్వాత నూనె వాడాలన్నా అంతే ఎడం పాటించాలి. కొన్ని నూనె మందుల లేబుళ్లు ఇంకా ఎక్కువ రోజులు ఆగమంటాయి. అలాంటప్పుడు లేబుల్ మాటే పాటించాలి.

రెండూ సేంద్రియమే కదా, కలిపి కొడితే పురుగూ తెగులూ ఒకేసారి పోతాయి కదా అన్న ఆలోచన సహజం. సేంద్రియ సాగు ప్రమాణాలు రెండింటినీ అనుమతిస్తాయన్నది నిజమే. ఒక మందుకు సేంద్రియ సాగులో చోటు ఉండటానికీ, అది మరో మందుతో పొసగడానికీ మాత్రం సంబంధం లేదు. ట్రైకోడెర్మా వంటి మేలు చేసే శిలీంధ్రాలను ఆకులపై పిచికారీ చేసేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. మంచి శిలీంధ్రాన్నీ చెడ్డ శిలీంధ్రాన్నీ గంధకం వేరుచేసి చూడదు. నల్లిని తిని బతికే మిత్ర నల్లులకూ, ట్రైకోగ్రామా వంటి పరాన్నజీవి కందిరీగలకూ అది హాని చేస్తుంది.

ఏ ప్యాకెట్టు దేనికి

దుకాణంలో సల్ఫర్ అన్న ఒకే పేరు మీద వేర్వేరు సరుకులు దొరుకుతాయి. ఆకులపై పిచికారీకి పనికొచ్చేది 80 శాతం గంధకం ఉండే తడిసే పొడి లేదా గుళికలు. వ్యవసాయ సలహాల్లో దీన్నే నీటిలో కరిగే గంధకం అంటారు. నిజానికి గంధకం నీటిలో కరగదు, సన్నని కణాలుగా తేలుతుంది, కాసేపు వదిలేస్తే అడుగుకు చేరుతుంది. పంపును మధ్యమధ్యలో కదిలించకపోతే కొన్ని కుండీలకు దాదాపు ఉత్త నీళ్లు, మరికొన్నింటికి చిక్కటి మందు పడటం ఇందువల్లే. ఇళ్లలో వాడేందుకు పొడి కంటే గుళికలు మేలు, ఎందుకంటే కలిపేటప్పుడు దుమ్ము తక్కువగా లేస్తుంది.

పొడిగా చల్లే గంధకం పొలాల కోసం ఉద్దేశించినది. ఇళ్ల మధ్య అది గాలికి పక్కింటి కిటికీలోకి పోతుంది కాబట్టి వాడకపోవడమే మంచిది. 90 శాతం బెంటొనైట్ సల్ఫర్ నేలలో వేసే ఎరువు, దాన్ని నీళ్లలో కలిపి కొట్టకూడదు. 2023లో విడుదలైన గంధకపు పూత ఉన్న యూరియా కూడా ఎరువే, తెగులుకు దానితో పని లేదు. కిరాణా కొట్లో, మూలికల దుకాణంలో విడిగా అమ్మే గంధకపు ముక్కలను దంచి వాడటం అన్నింటికంటే ప్రమాదకరం. దాని కణాలు ముతకగా ఉంటాయి, శుద్ధి ఎంతో తెలియదు, దంచేటప్పుడు లేచే దుమ్ము కళ్లలోకీ ఊపిరిలోకీ పోతుంది. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద నమోదైన ప్యాకెట్టుపై పంట పేరు, మోతాదు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు ముద్రించి ఉంటాయి. విడి సరుకుపై ఇవేవీ ఉండవు.

తూకం, కలపడం, కొట్టడం

పెరటి మొక్కలకు లీటరు నీటికి 2 నుంచి 3 గ్రాములు సరిపోతుంది. రెండు లీటర్ల చేతి పంపుకు 4 నుంచి 6 గ్రాములు, అర లీటరు సీసాకు గ్రాము నుంచి గ్రామున్నర. పొలానికి ఎకరా లెక్కన చెప్పే మోతాదును ఇంటికి కుదించుకోవడం కష్టం, గుప్పెడు, చిటికెడు కొలతలు అసలే పనికిరావు. చిన్న డిజిటల్ త్రాసు ఒకటి ఈ పనికే విడిగా ఉంచుకోవాలి. వంటింటి చెంచాలు, గిన్నెలు తేవద్దు. ముందుగా మందును కొద్ది నీళ్లలో ముద్దలా కలిపి, గడ్డలు లేకుండా చేసి, ఆ తర్వాత మిగతా నీళ్లు పోసుకుంటూ కలియబెట్టాలి. గుడ్డలో వడగడితే పంపు మూతి మూసుకుపోదు. కలిపిన మందును ఆ రోజే వాడేయాలి, నిల్వ ఉంచకూడదు.

మంచు ఆరిన తర్వాత ఉదయం పూట గానీ, ఎండ తగ్గాక సాయంత్రం గానీ, గాలి లేనప్పుడు కొట్టాలి. ఆకు పైనా అడుగునా తడవాలి, కానీ చుక్కలు కారేంతగా అవసరం లేదు. సరిగ్గా పడిన చోట ఆరిన తర్వాత లేత పసుపు ఛాయ ఉన్న పలుచని పొర కనిపిస్తుంది. ఆకు కొనల దగ్గర మందు పేరుకుని గట్టి మచ్చలుగా ఆరితే ఎక్కువ కొట్టినట్టు లెక్క, మాడు సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది. తెగులు ఆగకపోతే పది నుంచి పదిహేను రోజుల తర్వాత రెండోసారి కొట్టవచ్చు. మధ్యలో జోరు వాన పడి మందు కడుక్కుపోతే తప్ప అంతకంటే ముందు అవసరం రాదు. పూలు విచ్చుకుని తేనెటీగలు తిరిగే వేళల్లో కొట్టకూడదు.

తీగజాతి కూరగాయల విషయంలో ప్రత్యేక జాగ్రత్త కావాలి. బీర, సొర, దోస, గుమ్మడి, కర్బూజ మొక్కల్లో కొన్ని రకాలు గంధకాన్ని అసలు తట్టుకోవు. బూడిద తెగులు ఎక్కువగా వచ్చేదీ వీటికే కావడం ఇబ్బంది. రకం పేరు తెలిసినా తెలియకపోయినా, ముందుగా ఒక తీగపై నాలుగైదు ఆకులకు మాత్రమే లీటరుకు 2 గ్రాముల లెక్కన కొట్టి, మూడు రోజులు గమనించి, మాడు లేకపోతేనే మిగతా పందిరికి కొట్టాలి. మాడితే, తెల్లబడిన ముదురు ఆకులను తీసి దూరంగా పారేయడం, తీగల మధ్య గాలి ఆడేలా చూడటం మంచి మార్గం. నీటిలో పదో వంతు పాలు కలిపి వారానికోసారి కొట్టే పద్ధతికి కొంత శాస్త్రీయ ఆధారం ఉంది. 1999లో ప్రచురితమైన బ్రెజిల్ అధ్యయనంలో హరితగృహంలోని గుమ్మడి జాతి మొక్కలపై ఆ మోతాదు బూడిద తెగులును బాగా అదుపు చేసింది. పాలకూర, మెంతి, కొత్తిమీర, కరివేపాకు వంటి ఆకును నేరుగా తినే మొక్కలపై గంధకం వాడకపోవడమే సబబు.

కుండీ మట్టిలో గంధకం

మట్టి క్షార గుణం తగ్గించడానికి గంధకం వేయమనే సలహా కూడా వినిపిస్తుంది. ఇది ఆకు మందుతో సంబంధం లేని వేరే పని. మట్టిలో కొన్ని రకాల బ్యాక్టీరియా గంధకాన్ని గాలి, తడి, వెచ్చదనం ఉన్నప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. రసాయన లెక్క ప్రకారం ఒక కిలో గంధకం నుంచి పుట్టే ఆమ్లం సుమారు మూడు కిలోల సున్నపురాయిని కరిగించగలదు. సున్నం ఎక్కువగా ఉన్న రేగడి నేలకు ఇంత శక్తి పనికొస్తుంది. పది కిలోల మట్టి పట్టే కుండీలో, అందులోనూ చల్క మట్టి, కొబ్బరి పొట్టు కలిపిన మిశ్రమంలో, ఆ ఆమ్లాన్ని తట్టుకునే సున్నం ఉండదు. మార్పు రావడానికి వారాలు, నెలలు పడుతుంది కాబట్టి ఏమీ కాలేదనుకుని మళ్లీ వేస్తారు. చివరికి ఒకేసారి ఆమ్లం పెరిగి వేర్లు దెబ్బతింటాయి. నీరు నిలిచే కుండీలో గాలి అందక కుళ్లిన గుడ్డు వాసన రావడం మరో ప్రమాద సూచిక. మట్టి పరీక్ష చేయించకుండా కుండీలో గంధకం వేయడానికి ఏ కారణమూ కనిపించదు.

వేసవిలో నల్లి వస్తే

ఎండలు ముదిరే కొద్దీ నల్లి పెరుగుతుంది. గంధకానికి మాత్రం అది కాని కాలం. మార్చి నుంచి జూన్ దాకా మల్లె, గులాబీ, వంగ, బెండ మొక్కల ఆకులపై సన్నని తెల్లచుక్కలు, అడుగున సాలీడు గూడు లాంటి పోగులు కనిపిస్తే ముందు చేయాల్సింది నీళ్లతో కొట్టడం. పైపు మూతిని వేలితో నొక్కి ఆకు అడుగుకు గట్టి ధార పెట్టి, రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే కడిగితే నల్లి గణనీయంగా తగ్గుతుంది. దుమ్ము పట్టిన ఆకుల్లో నల్లి ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి కడగడం వల్ల రెండు విధాలా లాభం. మధ్యాహ్నం నీడపట్టు వల, వేళకు నీళ్లు, బాగా పట్టిన కొమ్మల కత్తిరింపు దీనికి తోడుగా ఉండాలి. వీటికి లొంగని నల్లికి ఏ మందు వాడాలో కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. వరంగల్‌లోనూ, జగిత్యాల పొలాసలోనూ ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానాలు ఈ ప్రాంత పంటల తీరు తెలిసినవి.

మనుషులకు, ఇంటికి జాగ్రత్తలు

పురుగుమందులతో పోల్చితే గంధకం విషతీవ్రత తక్కువ. కానీ అది కళ్లను, చర్మాన్ని, శ్వాసనాళాలను బాగా మండిస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, గంధకం ఎక్కువగా వాడే పొలాలకు దగ్గరగా ఉన్న ఇళ్లలోని పిల్లల ఊపిరితిత్తుల పనితనం తగ్గినట్టు, ఉబ్బసం లక్షణాలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అక్కడ వాడే మోతాదు మిద్దె తోటతో పోల్చలేనంత పెద్దది. అయినా ఇంట్లో ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు గానీ చిన్నపిల్లలు గానీ ఉంటే వారిని దూరంగా ఉంచి, కిటికీలు మూసి, ఆరేసిన బట్టలు తీసి కొట్టడం కనీస బాధ్యత. కళ్లద్దాలు, ముక్కుకు మంచి మాస్కు, నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు ఉండాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని ఈ పని చేయకూడదు.

తెగులు పోవడానికని గంధకాన్ని నిప్పుల మీద వేసి పొగ పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. మండిన గంధకం నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ మొక్కనూ మనిషినీ ఒకేలా దెబ్బతీస్తుంది. నిల్వ విషయంలో చాలామంది పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. పూత, కాయ నిలవడానికి కొట్టే 13-0-45 ఎరువు పొటాషియం నైట్రేట్, అంటే సురేకారమే. గంధకం, సురేకారం, బొగ్గు కలిస్తే టపాసుల మందు అవుతుంది. అందువల్ల ఈ రెండు ప్యాకెట్లను ఒకే డబ్బాలో, ఒకే అరలో పెట్టకూడదు, బొగ్గు బస్తాల దగ్గర అసలే ఉంచకూడదు. పొయ్యికీ, దీపానికీ, ఎండకూ దూరంగా, పొడిగా ఉన్న చోట, పిల్లలకు అందకుండా, సొంత ప్యాకెట్టులోనే ఉంచాలి.

కంట్లో పడితే నలపకుండా కనీసం పదిహేను నిమిషాలు మంచినీటి ధార కింద కన్ను తెరిచి కడగాలి. మంట తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, మందు ప్యాకెట్టును గానీ దాని లేబుల్ ఫొటోను గానీ వెంట తీసుకెళ్లాలి. దుమ్ము పీల్చి దగ్గు, ఆయాసం మొదలైతే ఆ మనిషిని గాలి తగిలే చోటికి చేర్చి, బట్టలు మార్పించి, ఆయాసం ఆగకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.